లిస్బన్‌లోనూ పావ్ అంటే పావే

ప్రయాణాల పేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తున్నామంటూ మహారాష్ట్రలోని చాందా (చంద్రపూర్), గడ్చిరోలి, నాందేడ్, యవత్మాల్ జిల్లాల పాఠకులు ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగింది తిండి గురించే కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాం. ధరలు సుమారుగా ఇచ్చాం. బస్సు, ట్రామ్ చార్జీలు ఏటా కొన్ని సెంట్లు పెరుగుతుంటాయి.

ప్రశ్న: మా బిడ్డ లిస్బన్‌లో చదువుతున్నది. నేను, మా ఆయన మూడు వారాలు పోతున్నం. ఇద్దరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఇంగ్లిష్ అంతంత మాత్రమే. హోటల్లో ఏమని అడగాలె?
(ఒక పాఠకురాలు, కిన్వట్)

జవాబు: ముందు ఒక ధైర్యం చెబుతాం. కిన్వట్‌లో ఉంటున్నవారికి మరాఠీ వస్తుంది కదా, అక్కడి మెనూ కార్డులో కొన్ని మాటలు మీకు ముందే తెలుసు. పోర్చుగీసువాళ్లు పడమటి తీరాన సరుకు దించినప్పుడు ఆ మాటలు కూడా మరాఠీలోకి దిగాయి. వాళ్ల పావ్ మన వడాపావ్‌లోని పావే. బతాత అంటే బటాటా, ఆలుగడ్డ. కోవ్ అంటే కోబీ జాతి ఆకు. అననాష్ అంటే అనాస. కజు అంటే కాజు. డబ్బు కట్టడాన్ని 'పగార్' అంటారు. మన దగ్గర నెలజీతానికి వాడే పగార్ అదే. ఒక్క మాట మాత్రం మోసం చేస్తుంది. మరాఠీలో పేరూ అంటే జామపండు. లిస్బన్ మెనూలో 'పెరూ' అని ఉంటే అది టర్కీ కోడి.

ఇక అడగడం. మీరు 'సో వెజెతరియాన' అనాలి, మీ ఆయన 'సో వెజెతరియాను' అనాలి. అంతటితో ఆపితే పని జరగదు. 'సెం కార్న్', అంటే మాంసం లేకుండా అని చెప్పినా ట్యూనా చేప కలిపిన సలాడ్ తెచ్చి పెడతారు. వాళ్లు మోసం చేసినట్టు కాదు. వాళ్ల లెక్కలో కార్న్ వేరు, చేప వేరు. రుచి కోసం వేసే సాసేజి ముక్క చాలామందికి లెక్కలోకే రాదు. అందుకని వాక్యం మొత్తం చెప్పాలి: 'నావ్ కోము కార్న్, నెయ్ పెయ్ష్, నెయ్ ఓవుష్'. మాంసం తినను, చేప తినను, గుడ్లు తినను అని దాని అర్థం. దీన్ని మీ బిడ్డతో వాళ్ల లిపిలో ఒక అట్టముక్క మీద రాయించి పర్సులో పెట్టుకోండి. కింద ఇంకో రెండు మాటలు రాయించండి: షోరీసు (పంది సాసేజి), బాన్య (పందికొవ్వు).

రోజువారీ తిండికి మీకు పెద్ద దిక్కు సూప్. ఏ చిన్న హోటల్లోనైనా మధ్యాహ్నం 'సోప ద్ లెగూమ్ష్' దొరుకుతుంది. ఆలుగడ్డ, క్యారెట్, ఉల్లిగడ్డ ఉడికించి మెత్తగా నలిపి, పైన ఆకుకూరో బీన్సో వేస్తారు. గిన్నె 2 నుంచి 3 యూరోలు. పావ్ నంజుకుంటే కడుపు నిండుతుంది. ఆలుగడ్డ చారులో దారాల్లా సన్నగా తరిగిన కోవ్ ఆకు కనిపిస్తే అది 'కాల్దు వేర్ద్'. అందులో షోరీసు ముక్క వేయడం ఆనవాయితీ. 'ముక్క తీసేసి ఇస్తాం' అన్నా వద్దనండి. చాలాచోట్ల ఆ ముక్కను ఆలుగడ్డలతో కలిపే ఉడికిస్తారు, రసమంతా చారులోకి దిగి ఉంటుంది.

కొత్తిమీర అలవాటున్న నాలుకకు 'అసోర్ద' బాగా నచ్చుతుంది. ఎల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు రోట్లో నూరి, ఆలివ్ నూనె కలిపి, మరిగే నీళ్లు పోసి, నిన్నటి రొట్టె ముక్కలు అందులో నానేస్తారు. యూరప్‌లో కొత్తిమీరను ఇంత ధారాళంగా వాడే వంట ఇంకోటి దొరకడం కష్టం. అయితే రెండు అడ్డంకులు ఉన్నాయి. పైన గుడ్డు వేస్తారు. పోసే నీళ్లు ఒక్కోసారి ఎండు కాడ్ చేపను ఉడికించినవి అయి ఉంటాయి. రెండూ అడిగి తెలుసుకున్నాకే చెప్పండి. బీన్స్ బజ్జీల్లా కనిపించే 'పెయ్‌షీన్యుష్ ద ఓర్త' కూడా ఊరిస్తుంది. దాని పిండిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు.

మిఠాయిల విషయంలో ఉన్నమాట చెప్పాలి. పోర్చుగీసు మిఠాయిల్లో చాలామటుకు పుట్టింది క్రైస్తవ మఠాల వంటశాలల్లో, వాటికి మూలం గుడ్డు పచ్చసొన. పేరున్న 'నాత' అనే మిఠాయి కూడా అంతే. చూడటానికి మన పాయసంలా ఉండే 'అర్రోష్ దోస్' అనే అన్నం తీపిలోనూ చాలామంది సొన కలుపుతారు. గుడ్డు ముట్టనివారికి ఆ అద్దాల బీరువాలో పండ్లు తప్ప దాదాపు ఏమీ లేదు.

అన్నం, పప్పు మీద మనసు పోతే లుమియార్ ప్రాంతంలో మహాత్మాగాంధీ పేరు పెట్టిన రోడ్డు మీద పోర్చుగల్ హిందూ సమాజం వారి రాధాకృష్ణ మందిరం ఉంది. దాని క్యాంటీన్‌లో శాకాహార భోజనం పెడతారు. మొజాంబిక్ మీదుగా వచ్చి స్థిరపడ్డ గుజరాతీ, దీవ్ కుటుంబాలు అక్కడ ఎక్కువ. వంటా వాళ్ల పద్ధతిలోనే ఉంటుంది కనుక పప్పు కొంచెం తియ్యగా అనిపించవచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి ఆ రోజు వడ్డిస్తున్నారో లేదో కనుక్కోండి.

ప్రశ్న: మా బావమరిది లిస్బన్‌ల ఒక హోటల్‌కు పోతే అడగకుండనే రొట్టె, వెన్న, ఆలివ్ కాయలు తెచ్చి పెట్టిండ్రట. ఊరికే ఇచ్చిండ్రనుకొని తిన్నడు. బిల్లుల 9 యూరోలు వేసిండ్రు. ఇది న్యాయమేనా?
(ఒక పాఠకుడు, ధర్మాబాద్)

జవాబు: దీన్ని 'కువేర్' అంటారు. తింటే డబ్బు, ముట్టకపోతే లేదు. 2015 నాటి పోర్చుగల్ చట్టం ఈ సంగతి స్పష్టంగా చెబుతోంది. అడగనిదానికి, వాడనిదానికి బిల్లు వేయకూడదు. కానీ ఒక్క ఆలివ్ కాయ కొరికినా ఆ గిన్నె మీదైపోతుంది. గిన్నెకు ఒక ధర, రొట్టెకు ఒక ధర, జున్నుకు ఒక ధర విడివిడిగా ఉంటాయి. మనిషికి 2 యూరోలతో సరిపోవచ్చు. గొర్రెపాల జున్ను, ఎండబెట్టిన పందిమాంసం పలకలు కూడా తెచ్చారంటే 15 దాటుతుంది.

చేయాల్సింది చాలా సులువు. పళ్లెం పెట్టగానే చిరునవ్వుతో 'నావ్, ఓబ్రిగాదు' అనండి (ఆడవారైతే 'ఓబ్రిగాద'). వాళ్లే వెనక్కి తీసుకుపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. రొట్టె ఒక్కటే కావాలంటే దాన్ని ఉంచుకుని మిగతావి పంపేయండి. తిననిదానికి బిల్లులో వేస్తే 'లీవ్రు ద్ రెక్లమసోయిష్' అడగండి. అది ఫిర్యాదుల పుస్తకం. ప్రతి హోటలూ దుకాణమూ దాన్ని ఉంచాలి, అడిగినవారికి ఇవ్వాలి. మీరు రాసినదాని నకలు మీ చేతికి వస్తుంది, అసలు ప్రభుత్వ తనిఖీ సంస్థకు పోతుంది. ఆ పేరు ఎత్తగానే చాలా బిల్లులను అక్కడికక్కడే సరిచేస్తారు.

ప్రశ్న: మేము కోడి, చేప తింటం. గొడ్డుమాంసం, పంది మాంసం వద్దు. కారం లేకుంటే ముద్ద దిగదు. ఏం తినాలె, ఏది చూసుకొని తినాలె?
(ఒక కుటుంబం, సిరొంచ)

జవాబు: నాలుగు మాటలు కంఠస్థం చేయండి. వాక, విటేల: ఇవి ఆవు, దూడ. పోర్కు, లైతావ్: ఇవి పంది, పందిపిల్ల. ఈ పేర్లు లేకుండానే లోపల ఉండేవి మరో రెండు. 'బిఫాన' అంటే పావ్‌లో పెట్టిన పంది ముక్క, 'ప్రేగు' అంటే పావ్‌లో పెట్టిన గొడ్డుమాంసం. 'ప్రాతు దు దీయ' (ఆనాటి భోజనం) బోర్డు మీద ఏముందో అర్థం కాకపోతే 'తెయ్ పోర్కు?' అని అడగండి. పంది ఉందా అని.

మీకు కావలసింది ఫ్రాంగు, అంటే కోడి. దీనికి హోటల్ కన్నా 'షుర్రస్కెయ్‌ర' మేలు. బొగ్గుల మీద కోడిని కాల్చి అమ్మే దుకాణం అది. కోడిని చీల్చి పరిచి, ఉప్పు పట్టించి, ఇనుప జాలీల మధ్య బిగించి తిప్పుతూ కాలుస్తారు. మొత్తం కోడి 10 యూరోల చుట్టుపక్కల ఉంటుంది, ఇద్దరికి చాలు. కట్టించుకునేటప్పుడు 'కోం పికాంత్?' అని అడుగుతారు. 'సిం' అంటే పిరిపిరి మిరపనూనె కుంచెతో పూస్తారు. సిరొంచ కారానికి అది ఆనదు. 'మాయిష్ పికాంత్' అని ఇంకా పూయించుకోండి, లేదా చిన్న పొట్లంలో విడిగా అడగండి. మిరపకాయను అమెరికా ఖండం నుంచి మన గడ్డకు తెచ్చినవాళ్లు పోర్చుగీసువాళ్లే, కానీ వాళ్ల ఇళ్లలో కారం మాత్రం మనంత పెరగలేదు.

చేపల దగ్గర జాగ్రత్త పడాల్సింది ధర విషయంలో. దొరాద, రుబాలు లాంటి చేపలకు మెనూలో రాసిన అంకె పళ్లేనిది కాదు, కిలోది. పక్కన 'కిలు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కాల్చడానికి ముందే చేపను చూపించమని, తూచి ఎంతవుతుందో కాగితం మీద రాయమని అడగండి. అలా అడగడం అక్కడ మామూలే. ఒక్కరికి 400 గ్రాముల చేప సరిపోతుంది. సార్డీన్లు అంటే వేసవి చేప. జూన్ నుంచి ఆగస్టు వరకు కొవ్వెక్కి రుచిగా ఉంటాయి. ఆదివారం పడవలు పెద్దగా వేటకు వెళ్లవు కనుక సోమవారం చేప తాజాది కాదని ఊరివాళ్ల మాట. మీరూ సోమవారం కోడితో సరిపెట్టుకోండి.

ఇంకొకటి. చిన్న హోటళ్లలో ఒక 'దోజ్' (పూర్తి వడ్డన) ఇద్దరికి వస్తుంది. ఒక్కరైతే 'మెయ్య దోజ్', సగం చెప్పండి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు, రాత్రి ఏడున్నర నుంచి పది: వంటగది తెరిచి ఉండే వేళలు ఇవి. నాలుగింటికి వెళ్తే పలహారాలే.

ప్రశ్న: పాలు పోసిన చాయ్ దొరుకుతదా?
(ఒక పాఠకుడు, అహేరి)

జవాబు: టీని వాళ్లూ 'షా' అనే అంటారు. 'షా ప్రేతు కోం లెయ్త్' అంటే పాలతో నల్ల టీ. వేడినీళ్లలో పొట్లం, పక్కన పాలు వస్తాయి, మరిగించి ఇవ్వరు. దానికన్నా 'గలావ్' తాగండి. గాజు గ్లాసు నిండా పాలు, కొంచెం కాఫీ. 'బీక' అంటే రెండు గుక్కల చేదు కాఫీ. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, లోపల మేజ దగ్గర కూర్చుంటే ఇంకొకటి, బయట గొడుగు కింద అయితే దానికన్నా ఎక్కువ. మూడు ధరలూ బోర్డు మీద ఉంటాయి. పళ్లేల మధ్యలో సమోసాలు కూడా కనిపిస్తాయి. 'షమూస' అంటారు, గోవా దారిన వెళ్లినవి. లోపల ఎక్కువగా మాంసమో కోడో ఉంటుంది. 'ద్ లెగూమ్ష్' అని ఉంటేనే కూరగాయలవి.

ప్రశ్న: మా అత్తమ్మకు 68 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు. లిస్బన్ అంతా గుట్టలే అంటున్నరు. తీసుకపోవాల్నా వద్దా?
(ఒక కోడలు, బల్లార్షా)

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. ఎక్కే పని యంత్రాలకు అప్పగించి, దిగేటప్పుడు నెమ్మదిగా నడిపించండి. ఇందుకు ఊళ్లో డబ్బు అక్కర్లేని దారులున్నాయి.

బైష అనే పల్లపు బజారు నుంచి షియాదు అనే మిట్టకు వెళ్లాలంటే రోడ్డు వెంట ఎక్కొద్దు. 'బైష-షియాదు' మెట్రో స్టేషన్‌కు కింద ఒక ద్వారం, పైన ఒక ద్వారం ఉన్నాయి. క్రుసిఫిషు వీధి వైపు లోపలికి వెళ్లి, టికెట్ గేట్లు దాటకుండానే, కదిలే మెట్ల మీద ఒకదాని తర్వాత ఒకటి ఎక్కితే షియాదు చౌరస్తాలో తేలతారు. టికెట్ అక్కర్లేదు.

కోటకు (సావ్ జోర్జ్ కోట) వెళ్లడానికి ఫాంకెయ్‌రుష్ వీధిలో ఒక లిఫ్ట్ ఉంది. దాని ద్వారం మామూలు ఇంటి గుమ్మంలా ఉంటుంది, పైన 'కష్తేలు' అని రాసి ఉంటుంది. అదే గుర్తు, లేకపోతే దాటిపోతారు. అది మదలేన వీధిలో దించుతుంది. చిన్న చౌక్ దాటితే 'పింగు దోస్' సూపర్‌మార్కెట్ ఉన్న బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం వస్తుంది. అందులోని లిఫ్ట్ ఎక్కితే కోటకింది వీధికి చేరతారు. అక్కడినుంచి ఇంకా కొంత ఎక్కుడు మిగులుతుంది. అది కూడా కష్టమైతే ఫిగెయ్‌ర చౌక్‌లో 737 నంబరు చిన్న బస్సు ఎక్కండి, కోట గుమ్మం దగ్గరికే పోతుంది. కోట లోపల బురుజుల మెట్లు నిటారుగా ఉంటాయి. అత్తమ్మను అటు ఎక్కించకండి. ప్రాంగణంలో చెట్ల నీడన కూర్చుంటే తేజు నది, వేలాడే వంతెన అంతా కనిపిస్తుంది.

గుట్టల మీదికి పోయే పసుపు బండ్ల (అసెన్సోర్లు) మీద ఆధారపడొద్దు. 2025 సెప్టెంబరు 3న గ్లోరియా అనే బండి తాడు ఊడి పట్టాలు తప్పింది, 16 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత మిగతావాటినీ తనిఖీల కోసం ఆపారు. నడుస్తున్నాయని అక్కడికి వెళ్లాక తెలిస్తే సరే, అవి లేకుండానే దారి వేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం చెప్పులు. కాలిబాటలన్నీ అరచేతిలో పట్టేంత తెల్ల సున్నపురాయి ముక్కలు పేర్చి చేసినవి. లక్షల పాదాలు తొక్కి అవి అద్దంలా నునుపెక్కాయి. వాన పడితే, అదీ దిగుడులో, నూనె పోసిన బండలే. తోలు అడుగున్న చెప్పులు, అరిగిన హవాయి చెప్పులు అక్కడికి తేవద్దు. గాడులు లోతుగా ఉన్న రబ్బరు అడుగు బూట్లు కొని, ఇక్కడే పదిరోజులు తొడిగి అలవాటు చేయించండి. అవి చీరకు నప్పవని అత్తమ్మ వద్దంటే ఆ రాళ్ల సంగతి వివరంగా చెప్పండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వానల కాలం. మే, జూన్, సెప్టెంబరు నెలలు పెద్దవాళ్లకు హాయి. మన చాందా ఎండల్ని ఓర్చినవారికి అక్కడి వేసవి ఒక లెక్క కాదు.

ప్రశ్న: 28 నంబరు ట్రామ్ ఎక్కకపోతే లిస్బన్ చూడనట్టే అంటున్నారు. టికెట్ ఎలా?
(ఒక విద్యార్థి, రాజురా)

జవాబు: ఎక్కొచ్చు, వేళ చూసుకుని. అది 1930ల నాటి చిన్న చెక్కబండి, సీట్లు 20. మార్తిం మునీజ్ అనే చౌక్‌లో మొదలై అల్ఫామ అనే పాతపేట సందుల్లో గోడలను రాసుకుంటూ పోతుంది. పొద్దున పదింటి తర్వాత ఆ చౌక్‌లో గంటపైన క్యూ ఉంటుంది. ఎదురు చివర, కాంపు ద్ ఓరీక్ వైపు నుంచి, ఎనిమిదిలోపు ఎక్కితే కిటికీ సీటు దొరుకుతుంది. నిలబడి ప్రయాణిస్తే జేబుదొంగల చేతికి చిక్కినట్టే. వాళ్లకు ఇష్టమైన బండ్లు ఇదీ, బెలెం వైపు పోయే 15 నంబరూ. సంచి ముందుకు వేసుకోండి, ఫోన్ వెనక జేబులో వద్దు.

బండిలో టికెట్ కొంటే 3 యూరోలు దాటుతుంది. మెట్రో స్టేషన్ యంత్రంలో 50 సెంట్లకు 'నవెగాంత్' కార్డు తీసుకుని డబ్బు వేసుకుంటే అదే ప్రయాణం 2 యూరోల లోపు. దీన్ని 'జాపింగ్' అంటారు. కార్డు మనిషికొకటి ఉండాలి, ఇద్దరు ఒకదాన్ని గీయడం కుదరదు. జాపింగ్ డబ్బు ఉన్న కార్డులో రోజు పాసు వేయబోతే యంత్రం ఒప్పుకోదు. చాలామంది యంత్రం పాడైందనుకుంటారు. రెండూ కావాలంటే రెండు కార్డులు కొనాలి.

ప్రశ్న: నేను చరిత్ర చెప్పే టీచర్ని. వాస్కో డ గామా సమాధి అక్కడే ఉందట. ఒక రోజులో ఏమేం చూడొచ్చు?
(ఒక పాఠకుడు, దెగ్లూర్)

జవాబు: బెలెం అనే పేటకు వెళ్లండి, సోమవారం తప్ప. ఆ రోజు సమాధి ఉన్న జెరోనిముష్ మఠం మూసి ఉంటుంది. కిక్కిరిసిన 15 నంబరు ట్రామ్ కన్నా, కయిష్ దు సొద్రె స్టేషన్ నుంచి కష్కాయిష్ వైపు ఆగుతూ పోయే రైలు మేలు. పది నిమిషాలలోపే బెలెం చేరుస్తుంది, జాపింగ్ కార్డే చెల్లుతుంది.

జెరోనిముష్ మఠానికి రెండు క్యూలు ఉంటాయి. పొడుగ్గా ఉండేది మఠం లోపలి చావడికి, టికెట్ ఉంది. రెండోది చర్చికి, ఉచితం. ఇది తెలియక సమాధి చూడటానికి వచ్చినవారు కూడా పొడుగు క్యూలో నిలబడిపోతారు. సమాధి ఉన్నది చర్చిలోనే. లోపలికి అడుగుపెట్టగానే, తక్కువ ఎత్తు కప్పు కింద, ఎడమ పక్కన గామా, కుడి పక్కన ఆ సముద్రయానాన్ని మహాకావ్యంగా రాసిన కవి కమోయిష్. గామా రాతిపెట్టె పక్కభాగాన ఓడ చెక్కి ఉంటుంది, పైన చేతులు జోడించి పడుకున్న రాతిమనిషి. గామా 1524లో కొచ్చిలో చనిపోయాడు, మొదట పూడ్చింది అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో. 1539లో అస్థికలను పోర్చుగల్‌కు తెచ్చారు. తర్వాత తలెత్తి స్తంభాలు చూడండి. తాళ్లు, పగడాలు, సముద్రపు మొక్కలు పెనవేసినట్టు చెక్కారు. 1501 ప్రాంతంలో మొదలైన ఈ కట్టడానికి డబ్బు ఎక్కువగా ఆఫ్రికా, తూర్పుదేశాల సరుకు మీద వేసిన సుంకం నుంచి వచ్చింది, సుమారు నూటికి ఐదు. అంటే ఆ స్తంభాల్లో మన మిరియాల సొమ్ము ఉంది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఇది చెప్పండి.

నది ఒడ్డున ఉన్న బెలెం బురుజును 2025 ఏప్రిల్‌లో మరమ్మతులకు మూశారు. లోపలికి పంపుతున్నారో లేదో చూసుకుని టికెట్ కొనండి. నిజానికి దాని అందమంతా బయటి నుంచే. మఠం పక్క వీధిలో 1837 నుంచి నాత మిఠాయి చేస్తున్న దుకాణం ఉంది. వీధి మీది క్యూ కట్టించుకునేవాళ్లది. కూర్చుని తినాలంటే లోపలికి నేరుగా పోండి, వెనక పెద్ద గదులున్నాయి. వేడిగా ఉన్నప్పుడే, దాల్చినచెక్క పొడి చల్లుకుని తినాలి. చల్లారితే అంచు తోలులా సాగుతుంది.

సాయంత్రం వెనక్కి వచ్చి కార్ము మఠం శిథిలాలు చూడండి (ఆదివారం సెలవు). 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి (లాతూర్) భూకంపం ఎరిగిన మీ ప్రాంతం వారికి ఆ చోటు ఇంకోలా కనిపిస్తుంది. 1755 నవంబరు 1న, పండుగ నాటి ఉదయం, జనం చర్చిల్లో ఉండగా లిస్బన్ కదిలింది. తర్వాత నది పొంగి సునామీ వచ్చింది, దీపాల నుంచి మంటలు లేచి రోజుల తరబడి ఊరు కాలింది. కార్ము కప్పు ఆనాడు కూలింది, దాన్ని తిరిగి వేయలేదు. ఎముకల్లా నిలిచిన రాతి కమానుల మధ్య ఆకాశం కనిపిస్తుంది. అక్కడినుంచి బైషకు దిగి, తిన్నగా గీత గీసినట్టున్న ఆ వీధులు చూడండి. మంత్రి పోంబాల్ హయాంలో కట్టిన ఆ ఇళ్ల గోడల లోపల అడ్డదిడ్డంగా బిగించిన చెక్కచట్రం ఉంటుంది, 'గయోల' (పంజరం) అంటారు. నేల కదిలితే రాయి విరుగుతుంది, చెక్క వంగి నిలబడుతుంది. కిల్లారిలో మట్టితో పేర్చిన బండరాతి గోడలు మనుషుల మీద ఎందుకు పడ్డాయో పిల్లలకు వివరించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ప్రశ్న: సింత్రా రాజభవనం ఒక పూటలో అవుతుందా?
(ఒక పాఠకురాలు, వణి)

జవాబు: పూట చాలదు, రోజు పెట్టుకోండి. రోసియు స్టేషన్ నుంచి రైలు 40 నిమిషాలు. అక్కడినుంచి 434 బస్సు. సింత్రాలో గుట్ట మీది పేన రాజభవనం టికెట్ మీద రాసిన వేళ తోట గేటుది కాదు, భవనం తలుపుది. గేటు నుంచి తలుపుకు అరగంట ఎక్కుడు. ఆ తేడా తెలియక రోజూ ఎందరో టికెట్ పోగొట్టుకుంటారు. గంట ముందే గేటు దగ్గర ఉండండి. లిస్బన్‌లో ఎండ కాస్తున్నా అక్కడ మంచు, గాలి ఉంటాయి, శాలువా తీసుకెళ్లండి.

ప్రశ్న: కార్డు చాలా, నోట్లు కావాల్నా?
(ఒక పాఠకుడు, నాందేడ్)

జవాబు: రెండూ. చిన్న హోటళ్లలో 'సో ముల్తిబాంకు' అని రాసి ఉంటే పోర్చుగల్ బ్యాంకు కార్డులు మాత్రమే తీసుకుంటారు, మన వీసా కార్డు పనిచేయదు. రోజుకు 40 యూరోల నోట్లు దగ్గర ఉంచుకోండి. నీలం గుర్తుతో 'ముల్తిబాంకు' అని ఉన్న ఏటీఎంలో తీసుకోండి. తెర మీద 'రూపాయల్లో లెక్కించమంటారా' అని అడిగితే వద్దని నొక్కండి, రేటు దారుణంగా ఉంటుంది. సూపర్‌మార్కెట్ కౌంటర్లో 'కోంత్రిబుయింత్?' అని అడుగుతారు. వాళ్ల పన్ను నంబరు అది. 'నావ్' అంటే చాలు. ఇక, హోటల్ గదికి మనిషికి రాత్రికి 4 యూరోల ఊరి పన్ను విడిగా కట్టాలి, 7 రాత్రుల వరకే.

ప్రశ్న: కొడుకు కోసం నెయ్యి, కరివేపాకు, చికెన్ పచ్చడి, పేడా, కుక్కర్ తీసుకుపోతున్న. ఏమన్న ఇబ్బందా?
(ఒక తల్లి, ధర్మాబాద్)

జవాబు: మొదటి నాలుగూ ఇంట్లో దించేయండి. ఐరోపా సంఘంలోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాలతో చేసినవి తేకూడదు. నెయ్యి, పేడా, చికెన్ పచ్చడి మూడూ అందులోకే వస్తాయి. పచ్చి ఆకులు, కాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అది లేకుండా తీసుకుపోనిచ్చేవి అరటి, అనాస, కొబ్బరికాయ, ఖర్జూరం, డ్యూరియన్ మాత్రమే. కరివేపాకు దొరికితే పారేస్తారు. ఎండుకొబ్బరి మంటలంటుకునే సరుకని విమానం వాళ్లే ఆపుతారు.

మామిడి, గోంగూర, నిమ్మ పచ్చళ్లు, మీ ఊరి ఎండుకారం, కందిపొడి, జొన్నపిండి తీసుకెళ్లవచ్చు. పచ్చడి సీసాలో కాకుండా మందపాటి కవర్లో పోసి, వేడితో మూతి అతికించి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, చెక్-ఇన్ పెట్టెలోనే వేయండి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన పచ్చడిని ద్రవంగా లెక్కగట్టి తీసేస్తారు. కందిపప్పు, జీలకర్ర, చింతపండు మార్తిం మునీజ్ దగ్గర బెన్ఫుర్మోజు వీధిలోని బంగ్లాదేశీ, భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి, మోయకండి. పెరుగన్నానికి 'అర్రోష్ కరొలీను' కొనండి. పొట్టి గింజ, మెత్తగా కలుస్తుంది. పొడుగు గింజ 'అగూల్య' పొడిపొడిగా ఉండి పెరుగు పట్టదు. పెరుగు 'యోగుర్త్ నతురాల్', చక్కెర లేనిదని ('సెం అసూకర్') చూసి తీసుకోండి.

కుక్కర్ సంగతి పెట్టె సర్దకముందే కొడుకును అడగండి. అక్కడి అద్దె ఇళ్లలో చాలావరకు పొయ్యి నల్లటి గాజుపలక. అది ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, ఎందుకంటే అయస్కాంతానికి అంటుకునే అడుగుంటేనే పలక కింది తీగచుట్ట దాన్ని వేడి చేస్తుంది. దుకాణంలో కొనేటప్పుడు చిన్న అయస్కాంతం పట్టుకెళ్లి అడుగున పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటేనే తీసుకోండి. ఆ గాజుపలక గుండ్రటి అడుగున్న గిన్నెను కూడా ఒప్పుకోదు, బల్లపరుపుగా ఉండాలి. ఒక అదనపు రబ్బరు గాస్కెట్, ఒక సేఫ్టీ వాల్వు కూడా పెట్టెలో వేయండి. మన కంపెనీల కొలతవి అక్కడ దొరకవు.